నీళ్లు బయటి సంగతట

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. వద్దని మాత్రం ఇద్దరు ముగ్గురు చెప్పారు. మా అత్త అయితే, "పోయిన పీడను మళ్ల పేరు పెట్టి పిలుస్తారా యాడన్నా?" అని విసుక్కుంది. కానీ గొంతు పట్టేసి, చూసిన ప్రతి డాక్టరూ "నీకేం లేదమ్మా" అంటుంటే గోడకు తల కొట్టుకోవాలనిపించే మనుషులు ఇంకా ఉంటారు కదా. వాళ్ల కోసం రాస్తున్నాను. సగం నా కోసం కూడా. ఆ రోజులు గుర్తొస్తే నాకు భయం కంటే ముందు ఒళ్లు మండుతుంది. కాగితం మీద పెడితే ఆ మంట కొంచెం చల్లారుతుందేమోనని ఆశ.

1954, వానలు మొదలైనప్పుడు

మాది కోడుమూరు పక్కన పల్లె. మా మాలవాడలో తాతల కాలం నుంచి చర్చి ఉంది. ఆ చర్చి బడిలోనే చదువుకున్నాను, అక్కడే టీచరునయ్యాను. పెళ్లయ్యాక కర్నూలు వచ్చాను. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. ఊరి బయట గుడారాలు వేసి అందులో ఆఫీసులు నడిపేవాళ్లు. అలాంటి ఒక ఆఫీసులో మా ఆయన దేవదానానికి అటెండరు పని దొరికింది. నాకు పట్నం బడిలో ఉద్యోగం వచ్చింది. మా వాడలో పుట్టినవాళ్లకు అట్లాంటి బడిలో కుర్చీ దొరకడం అదే మొదలు.

బడిలో టీచర్ల గది మూలన నీళ్ల కడవ ఉండేది. అందరూ చెంబు ముంచుకుని తాగేవాళ్లు. నేను లేస్తే మాత్రం ఆయా కూడా లేచి వచ్చేది. చెంబు పైకెత్తి పట్టుకునేది, నేను వంగి దోసిలి పట్టాలి. పట్టమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. హెడ్మాస్టరు గారు నవ్వుతూనే పలకరించేవారు. మిగతా టీచర్లు పాఠాల గురించి, ధరల గురించి నాతో బాగానే మాట్లాడేవాళ్లు. కొత్తగా చేరినదాన్ని, గొడవ దేనికిలే అని దోసిలి పట్టాను. రోజూ పట్టాను.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం నోట్లోకి పోయిన నీళ్లు గొంతులో ఆగిపోయాయి. లోపల ఎవరో తలుపు వేసినట్టయింది. నీళ్లన్నీ ముక్కులోంచి వచ్చి చీర తడిసింది. పొలమారిందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఇంట్లో కూడా, ఎవరైనా చూస్తుంటే చాలు, గుక్క దిగేది కాదు. దసరా నాటికి ఒంటరిగా తలుపేసుకుని కూర్చున్నా ఒక్కో గుక్కకు యుద్ధం చేయాల్సి వచ్చేది. సంగటి ముద్ద ఎట్లాగో దిగేది. దోసకాయ నమిలితే దిగేది. నీళ్లు మాత్రం దిగవు. ఎండిపోయిన నోటితో పాఠం చెబుతూ చెబుతూ పిల్లల ముందే పడిపోయాను.

హెడ్మాస్టరు గారు సెలవు ఇచ్చారు. "వేసవి తర్వాత బడి తెరిచే నాటికి నయమైతే రాండి టీచరమ్మా. లేకుంటే నేను ఇంకొకర్ని చూసుకోవాల" అన్నారు. తప్పేమీ లేదు ఆయన మాటలో. కానీ ఆ కుర్చీ పోతే మా వాడలో ఇంకో ఆడపిల్ల దాని దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు.

1954 చివర, 1955 మొదలు

ఆసుపత్రి బెంచీల గురించి నేను ఒక పుస్తకం రాయగలను. పొద్దున్నే పోయి కూర్చుంటే మన పేరు పిలిచేసరికి పక్కవాళ్ల సంసారం మొత్తం తెలిసిపోతుంది. గొంతులో అద్దం పెట్టి చూశారు, దీపం వేసి చూశారు. "గొంతు బంగారం లాగా ఉందమ్మా" అన్నాడు ఒక డాక్టరు. బంగారమైతే నీళ్లెందుకు దిగవు అని అడిగితే, ఆయన కాంపౌండరు వైపు చూసి కళ్లెగరేశాడు.

ఇంట్లో సంగతి ఇంకా అన్యాయం. మా అత్త చర్చి పెద్దలను పిలిపించి ప్రార్థన పెట్టించింది. నా గొంతుకు నూనె రాశారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, అందరూ కలిసి పాడారు. అయ్యాక, "తాగుమ్మా, విశ్వాసంతో తాగు" అని ఒకాయన గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇంతమంది కళ్లార్పకుండా చూస్తుంటే దేవుడైనా తాగగలడా? దిగలేదు. నాకు విశ్వాసం తక్కువని తేల్చారు.

మా ఆయన మంచివాడు, కానీ అలసిపోయాడు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "నీకు ఆ బడికి పోయేది ఇష్టం లేక ఇట్ల చేస్తాండావేమో" అన్నాడు.

"నేను చేస్తాండానా? నేనా?" అన్నాను. తర్వాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ మూడు రోజులూ పొద్దున్నే సంతకు పోయి లేత దోసకాయలు తెచ్చి, చెక్కు తీసి, నా పక్కన పెట్టి పోయాడు.

చివరికి ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "లేదని అందరూ అంటారు గానీ, నీకు కష్టం ఉండాది, నాకు కనపడతాంది" అంది. ఆ ఒక్క మాటకు బెంచీ మీదే ఏడ్చేశాను. ఆమే నన్ను చిన్న డాక్టరు దగ్గరికి పంపింది.

చిన్న డాక్టరనేది నేను పెట్టుకున్న పేరు. బురుజు వెనక వీధిలో ఉండేవాడు. ముప్పై దాటి ఉండవు. మందులివ్వడు, సూదులెయ్యడు, మాటలతో మనసులోని ముడి విప్పుతాడట. ఇంగ్లీషులో దానికి పెద్ద పేరుంది. రుసుము కూడా వద్దన్నాడు. అబ్బా, ఎంత ధర్మాత్ముడో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ఇంకా నేర్చుకుంటున్నాడని. కడపలో ఒక పెద్ద డాక్టరు ఉన్నాడు, కలకత్తాలో ఈ విద్య చదివి వచ్చినవాడు. చిన్న డాక్టరు ఒక రోగిని మొదటి నుంచి చివరి దాకా చూసి, నెలనెలా కడపకు పోయి ఆ రోగి చెప్పినదంతా పెద్దాయనకు అప్పజెప్పాలి. ఆయన మెచ్చితేనే ఈయనకు పట్టా. అంటే నేను ఈయన పరీక్ష.

మొదటి రోజే గొడవ. పట్టెమంచం గోడ వైపు వేసి, తల వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను మంచం మీద పడుకుని, మనసులో ఏది వస్తే అది దాచకుండా చెప్పమన్నాడు.

"పరాయి మగాయన ముందర మంచం ఎక్కి పండుకునేదేంది సార్?" అన్నాను. బయట తిన్నె మీద కూర్చున్న మా ఆయన దగ్గాడు.

చివరికి నేను మంచం అంచున గోడ వైపు తిరిగి కూర్చునేటట్టు, తలుపు తీసి ఉంచేటట్టు ఒప్పందం కుదిరింది. "మీరు ఎదిరిస్తున్నారు. అదీ జబ్బులో భాగమే" అన్నాడాయన మెల్లగా.

నాకు అక్కడే కాలింది. ఆలస్యంగా పోతే ఎదిరించడం, ముందుగా పోతే ఆత్రం, మాట్లాడకపోతే దాచడం, ఎక్కువ మాట్లాడితే దాచడానికి మాట్లాడటం. నేను ఏం చేసినా ఆయన దగ్గర దానికో పేరుండేది. ఆయన చేసేదానికి మాత్రం నా దగ్గర పేర్లు లేవు. ఆయన నా ముఖం చూస్తాడు, నేను గోడ చూస్తాను. అయినా వారం వారం పోయాను. ఇంకెక్కడికి పోను?

ఒకరోజు, "మీకు నీళ్లు దిగనప్పుడు ఎలా ఉంటుందో నేను చూడాలి" అని, పనామెను నీళ్లు తెమ్మన్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడి చెంబు పైకెత్తింది. నా చేతులు వాటంతటవే దోసిలి పట్టాయి. దిగలేదు, చీరంతా తడిసింది. ఆయన ఏదో రాసుకున్నాడు.

"సార్, ఆమె నీళ్లెట్ల పోసిందో చూసినారా?" అని అడిగాను.

"అది బయటి సంగతి" అన్నాడు. "మనం లోపలి సంగతి చూద్దాం. మీ నాన్నగారి గురించి చెప్పండి."

అప్పటి నుంచి మా నాయనే. నేను నీళ్లంటే ఆయన నాన్నగారంటాడు. ఆయా అంటే నాన్నగారు, హెడ్మాస్టరంటే నాన్నగారు. నేను ఆ గదిలో చెప్పిన మాట బస్సెక్కి కడపకు పోయేది, అక్కడ అర్థం మార్చుకుని తిరిగొచ్చేది. "మీకు మీ నాన్నగారి మీద చెప్పుకోలేని కోపం ఉంది. దాన్నే మింగలేకపోతున్నారని పెద్దాయన అభిప్రాయం" అన్నాడు ఒకసారి. మా నాయన పోయి అప్పటికి ఆరేళ్లు. ముఖం కూడా చూడని మనిషి కడపలో కుర్చీలో కూర్చుని మా నాయన మీద తీర్పు చెప్పడమా అని, నాకు మంట ఆ పెద్దాయన మీద పుట్టింది. ఇక నాయన గురించి ఒక్క మాట కూడా చెప్పకూడదని పట్టుబట్టాను. దానికీ ఆయన దగ్గర పేరుంది, వేరే చెప్పాలా?

1955 ఎండాకాలం, కడప

నాకు నయం కాకపోయేసరికి, రోగిని ఒకసారి తీసుకురమ్మన్నాడట పెద్దాయన. నేను, మా ఆయన, చిన్న డాక్టరు ముగ్గురం బస్సెక్కాం. ఎండ మండిపోతోంది. నంద్యాల దాటేసరికి నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పక్క సీట్లో ఒక ముసలి సాయిబుల అవ్వ దోసకాయ కొరుక్కుంటోంది. నా వైపు చూసింది, ఏమీ అడగలేదు. తన దోసకాయను రెండుగా విరిచి సగం నా ఒళ్లో పెట్టింది.

"తిను బేటీ, వేడికి మంచిది" అంది.

తిన్నాను. దిగింది. రసమంతా దిగింది. ముందు సీట్లో ఉన్న డాక్టరుతో, "సార్, ఇది దిగింది చూడండి" అన్నాను. ఆయన తలూపి మళ్లీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కడప దగ్గరయ్యే కొద్దీ ఆయన చొక్కా సర్దుకోవడం ఎక్కువైంది. బడి పిల్లవాడు ఇన్‌స్పెక్టరు ముందుకు పోతున్నట్టుంది వాలకం. నాకు ఆశ్చర్యమేసింది.

పెద్దాయన ఇల్లు పొడుగాటి పాత ఇల్లు. మమ్మల్ని తిన్నె మీద కూర్చోమన్నారు. చిన్న డాక్టరు కూడా మాతోపాటే బయటే ఆగాడు, పసారాలో ఒక చిన్న పీట మీద. పెద్దాయన లోపలి నుంచి వచ్చి పడక కుర్చీలో కూర్చున్నాడు. తెల్లగా, ప్రశాంతంగా, చెడ్డవాడిలా ఏమీ లేడు. నన్ను రెండు ప్రశ్నలడిగాడు, తర్వాత నా ముందే నా గురించి ఇంగ్లీషులో చిన్న డాక్టరుకు చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న డాక్టరు ప్రతిదానికీ "అవునండి, అవునండి" అంటున్నాడు. గోడ మీద బల్లినైనా అంతకంటే మర్యాదగా చూస్తారు.

అప్పుడు కాఫీ వచ్చింది. పెద్దాయనకు వెండి గ్లాసులో. చిన్న డాక్టరు లేచి, పసారా గోడ గూట్లో బోర్లించి ఉన్న ఒక ఇత్తడి గ్లాసును తనే తీసుకున్నాడు. పనామె చెయ్యి పైకెత్తి అందులో పోసింది. ఆయన పెదవులకు తగలకుండా ఎత్తి తాగాడు. తాగి, గిన్నెలు తోమే జాలాడి దగ్గరికి పోయి, కూర్చుని ఆ గ్లాసును కడిగాడు. కడిగి, తిరిగి ఆ గూట్లోనే బోర్లించాడు. చెయ్యి ఏ మాత్రం తడబడలేదు. ఎన్నాళ్ల అలవాటో అది.

తర్వాత ఆమె మా దగ్గరికి చెంబు తెచ్చింది. మా ఆయన దోసిలి పట్టి తాగాడు. నాకు దిగదని చెప్పి ఊరుకున్నాను. నా కళ్లు ఆ గూటి మీదే ఉన్నాయి.

ఎండాకాలం చివర, కర్నూలు

తర్వాతి వారం మంచం అంచున కూర్చున్నాను. బడి తెరవడానికి ఎక్కువ రోజులు లేవు. నా లోపల ఉడికిపోతోంది.

"సార్, ఏది వస్తే అది చెప్పమంటారు కదా. చెప్పేదా?"

"చెప్పండి."

"పెద్దాయన ఇంట్లో మీ గ్లాసు వేరేగా గూట్లో ఉండాది."

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది.

"నా గ్లాసును మీరు ఎందుకు గమనించారో మనం ఆలోచించాలి" అన్నాడు. "మీ నాన్నగారి మీద ఉన్న కోపం..."

అంతే. లేచి వెనక్కి తిరిగాను. ఇన్ని నెలల్లో ఆ గదిలో ఆయన ముఖం నేరుగా చూడటం అదే మొదటిసారి.

"మా నాయన్ని వదిలిపెట్టండి సార్. మా నాయన సంగతి మీకేం తెలుసు? రెడ్ల పొలంలో మోట తోలేవాడు. దినమంతా బావిలోంచి నీళ్లు ఎత్తి పోసేవాడు. నేను సంగటి తీసుకపోతే, నన్ను కాలవ కాడ కూర్చోబెట్టి తాగిచ్చేవాడు. 'కడుపు నిండా తాగు పాపా, ఊర్లోకి పోయినాంక ఎవర్నీ అడగొద్దు' అనేవాడు. పొలంలో నీళ్లకు ఎవరూ ఏమీ అనరు, ఊర్లో అయితే దోసిలి పట్టాల. మా నాయన జన్మలో ఎవరి ముందరా దోసిలి పట్టలేదు సార్. దప్పికతో నాలుక పిడచగట్టినా ఇంటికొచ్చి తాగేవాడు. నేను పట్టినా. చదువుకుని, టీచరునై, దినామూ పట్టినా. మీ గడప కాడ కూడా పట్టినా, మీరు కూర్చుని రాసుకున్నారు."

అరిచి అరిచి నోరు ఎండిపోయింది. కిటికీ పక్కన ఆయన కూజా ఉంది, దాని మీద గాజు గ్లాసు. అడగలేదు. కూజా వంచి గ్లాసు నింపుకున్నాను, తాగాను, ఇంకా చెప్పాల్సింది మిగిలిందని మళ్లీ నింపుకుని తాగాను.

"తాగినారు" అన్నాడు డాక్టరు. ఆయన ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు, ఆ మాట మాత్రం మా ఊరి మాటలాగే వచ్చింది. "మీరు నీళ్లు తాగినారు."

గ్లాసు వైపు చూసుకున్నాను. ఖాళీగా ఉంది. నా చీర పొడిగా ఉంది. గొంతులో చల్లదనం ఛాతీ దాకా దిగుతోంది. మంచం మీద కూలబడ్డాను. బయటి నుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మాది మంగలి కులం" అన్నాడు డాక్టరు, నేల వైపు చూస్తూ. "పెద్దాయనకు తెలుసు. తెలిసే చేర్చుకున్నాడు. నన్ను కొడుకు మాదిరి చూసుకుంటాడు."

"కొడుకు గ్లాసు గూట్లో పెడతారా సార్?"

నాకు ఇక అరిచే ఓపిక లేదు. పోయేటప్పుడు గ్లాసు కడగడానికి నా చెయ్యి దాని మీదికి పోయింది. ఆపుకున్నాను. తాగినదాన్ని తాగినట్టే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఒక్క రోజులో అంతా నయమైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు దిగేది, కొన్ని రోజులు దిగేది కాదు. దిగని రోజు మళ్లీ మొదటికొచ్చిందని ప్రాణం పోయేది. కానీ తలుపు తెరుచుకుంటుందని ఒకసారి తెలిశాక, మూసుకున్నా అంత భయం ఉండదు.

ఈలోగా డాక్టరు కడపకు పోయి వచ్చాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"ఏం చెప్పినారు సార్?"

"మీ నాన్నగారి విషయం చెప్పాను. తన ఊహ నిజమైందని పెద్దాయన చాలా సంతోషించారు. నా పట్టాకు ఇక అడ్డం లేదన్నారు."

"గ్లాసు సంగతో?"

"ఆయన అడగలేదు."

చూశారా? నేను చెప్పిన దాంట్లో నాయనను ఉంచుకుని నీళ్లను తీసేశారు. ఎవర్నీ అడగొద్దన్న నాయన మాటే నా గొంతులో అడ్డం పడిందని నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. కానీ ఆ మాట ఆయన చేత అనిపించిందెవరో వాళ్ల లెక్కలోకి రాలేదు. "ఏది వస్తే అది చెప్పాలని నాకు చెప్తారు, మీరు మాత్రం ఆడ చెప్పరు" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. జాలి పడాలో తిట్టాలో తెలియక విసురుగా లేచి వచ్చాను. మళ్లీ ఆ గదికి పోలేదు.

బడి తెరిచాక

మొదటి రోజు దప్పికై లేచాను. ఆయా లేచి చెంబు అందుకోబోయింది. "నువ్వు కూర్చో అక్కా" అని, నేనే ముంచుకుని, నిలబడి తాగాను. నీళ్లు దిగాయి. మర్నాడు పోయేసరికి పెద్ద కడవ పక్కన ఇంకో చిన్న కడవ ఉంది. "మీ సౌకర్యం కోసమే టీచరమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు, నవ్వుతూనే. నేనూ నవ్వి, పెద్ద కడవలోనే ముంచుకున్నాను. ఇద్దరు టీచర్లు ఇంటి నుంచి మరచెంబులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తెచ్చుకోనీ. ఆయా కొన్నాళ్లు చిన్న కడవ నింపింది, తర్వాత మానేసింది. ఇప్పుడు అందులో సుద్దముక్కలు వేసుకుంటున్నాం.

మీలో ఎవరికైనా ఇట్లాంటి జబ్బు వస్తే నేను చెప్పేది ఒకటే. మీ బాధను బయటి సంగతి అన్న డాక్టరు దగ్గరి నుంచి వెంటనే లేచి రాకండి, ఆయన దగ్గర కూడా ఏదో కొంత ఉంటుంది. కానీ ఆ మాటకు మాత్రం ఒప్పుకోకండి.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న చలికాలంలో చిన్న డాక్టరు మా బడికి వచ్చాడు. మాట్లాడటం మానేసిన ఒక పాపను చూడమని హెడ్మాస్టరు గారే పిలిపించారు. ఇప్పుడు ఆయన ఇంటికి పెద్ద బోర్డుందట. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూసి నమస్కారం పెట్టి, "గొంతు ఎట్లుండాది టీచరమ్మా?" అని అడిగాడు. జవాబుగా పెద్ద కడవలో గ్లాసు ముంచి ఆయనకిచ్చాను. చాలా దూరం నడిచి వచ్చాడు పాపం, ఎత్తి పోసుకుంటూ గుక్క తిప్పుకోకుండా తాగాడు. తాగి, గ్లాసు పట్టుకుని లేచి, కడగడానికి చోటెక్కడుందా అని గది నాలుగు మూలలా చూశాడు.

"ఈడ ఆ పని లేదు సార్" అన్నాను. "బల్ల మీద పెట్టండి."

పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.